రోగాలన్నీ ఒక గడి కిందికి

ప్రార్థన చీటీలో నాలుగు గళ్ళుండేవి: పేరు, వయసు, ఊరు, మనవి. ఆ గళ్ళు గీసింది నేనే.

అంతకు ముందు ఆ స్వస్థత సభలవాళ్ళు జనానికి తెల్లకాగితం ముక్కలిచ్చేవాళ్ళు. వాటి మీద ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసేవాళ్ళు. కొందరు రోగం రాసి పేరు మరిచిపోయేవాళ్ళు, కొందరు పేరు రాసి ఊరు వదిలేసేవాళ్ళు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయిపోయి, తెనాలిలో ఒక డీటీపీ సెంటర్‌లో పనికి కుదిరాను. గజిబిజి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అడక్కుండానే గళ్ళు గీసి, ఒక కట్ట ప్రింటు తీసి ఇచ్చాను. సభలు పెట్టే బోధకుణ్ణి అందరూ బ్రదర్ గారనే పిలిచేవాళ్ళు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "నీలాంటివాడి కోసమే ప్రార్థన చేస్తున్నాను తమ్ముడూ" అన్నారు. ఆ మాట పట్టుకుని వారం రోజులు తిరిగాను.

మాది రేపల్లె. తాతల నాటి నుంచి లూథరన్లం. అమ్మ స్కూల్లో టీచరు, నాన్న లేరు. మా గుడిలో పాటలు నెమ్మదిగా ఉండేవి, ప్రసంగం ఇంకా నెమ్మదిగా ఉండేది. బ్రదర్ గారి సభలో డ్రమ్సు, కీబోర్డు, పెద్ద స్పీకర్లు. దేవుడు ఇప్పుడే, ఇక్కడే పని చేస్తున్నాడని అనిపించేది. నేను నమ్మాను. ఈ ముక్క ముందే చెప్పాలి. ఎందుకంటే తరవాత చాలామంది, నేను మొదటి నుంచీ తప్పులు పట్టడానికే చేరానని చెప్పుకున్నారు.

సభలు మూడు రోజులు జరిగేవి. మొదటి రోజు సాయంత్రం జనం చీటీలు నింపి చెక్కపెట్టెలో వేస్తారు. పెట్టెను వేదిక మీదికి తెచ్చి, బ్రదర్ గారు రెండు చేతులూ దాని మీద ఉంచి కళ్ళు మూసుకుంటారు. "ఇందులో ఏముందో మీకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు" అని మైకులో చెబుతారు. మర్నాడు పొద్దున ఆ చీటీలన్నీ ఒక గుడ్డసంచిలో తెనాలికి, నా దగ్గరికి వస్తాయి. నేను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఊళ్ళవారీగా సర్ది, ప్రింటు తీసి పంపిస్తాను. ప్రార్థన బృందంలోని ఆడవాళ్ళు పేరుపేరునా ప్రార్థించడానికని నాకు చెప్పారు. మైకులో చెప్పిన మాటకీ నా కీబోర్డుకీ పొంతన లేదని నాకు తెలియలేదా? తెలిసింది. ప్రార్థించేవాళ్ళు దేవుడి తరఫువాళ్ళే కదా అని సరిపెట్టుకున్నాను. మూడో రోజు సభకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ వేళకి షాపులో పెళ్ళికార్డుల పని ఉండేది. సరుకు తయారుచేసి ఇచ్చి, అది ఎక్కడ ఎలా వాడుతున్నారో చూడకపోవడం నేను చదివిన చదువు ప్రకారం పెద్ద తప్పు. నేను ఆ తప్పే చేశాను.

అక్క సంగతి చెబుతాను.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఎనిమిదో తరగతిలో ఒకరోజు బళ్ళో పడిపోయింది. మూర్ఛ అన్నారు. అప్పటి నుంచి రోజూ రెండు పూటలా మాత్ర. మాత్ర మానకపోతే ఏ బాధా లేదు, అందరి ఆడపిల్లల్లాగే ఉంటుంది. పెళ్ళి ముందు అమ్మ ఈ విషయం బావకి ఒక్కడికే చెప్పింది. బావ మంచివాడు. "మా అమ్మకి మాత్రం చెప్పకండత్తయ్యా, నేను చూసుకుంటాను" అన్నాడు. వాళ్ళది బాపట్ల. అక్కడ మందుల షాపులో కొంటే ఎవరో ఒకరు వాళ్ళత్తగారి చెవిన వేస్తారని, నెలకోసారి నేనే తెనాలిలో కొని పాసింజరు రైల్లో పట్టుకెళ్ళేవాణ్ణి. నెలకి అరవై మాత్రలు, ఆరు స్ట్రిప్పులు. చూసేవాళ్ళ కోసం పైన ఒక మిఠాయి పొట్లం.

ఆ ఏడు బాపట్లలో సభలు పెట్టారు. రెండో రోజు వచ్చిన సంచిలోంచి ఒక్కో చీటీ తీసి కొడుతుంటే, అక్క చేతిరాత కనపడింది. మనవి గడిలో రెండు వాక్యాలున్నాయి. "పదమూడేళ్ళుగా మూర్ఛ. మా అత్తయ్యకి తెలియకముందే పోవాలి ప్రభువా."

చెయ్యి ఆగింది. చీటీ తీసి జేబులో పెట్టుకుందామనుకున్నాను. కానీ ఆమె దేవుడికి రాసుకుంది, మధ్యలో ఆపడానికి నేనెవణ్ణి అనిపించింది. పేరు కొట్టాను, వయసు కొట్టాను, ఊరు కొట్టాను. మనవి గడి చిన్నది. మొదటి వాక్యం పట్టింది. రెండోది పట్టలేదు, వదిలేశాను.

మర్నాడు ఓనర్ని అడిగి మూడో రోజు సభకి వెళ్ళాను. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో అక్క, పక్కనే వాళ్ళత్తగారు. పాటలయ్యాక బ్రదర్ గారు బైబిలు తెరిచి, కళ్ళు సగం మూసి, గొంతు తగ్గించారు. "కారంచేడు నుంచి వచ్చిన ఒక సహోదరుడు... నలభై ఏళ్ళుంటాయి... కడుపులో పుండు..." అని పేరు కూడా చెప్పారు. ఒకాయన ఏడుస్తూ లేచాడు. జనం చప్పట్లు. తరవాత చెరుకుపల్లి నుంచి ఒకామె. తరవాత పేరాల నుంచి మగ్గం నేసే ఒకాయన. కారంచేడు, చెరుకుపల్లి, పేరాల. క, చ, ప. పరిశుద్ధాత్మ నేను సర్దిన అక్షరక్రమంలో మాట్లాడుతున్నాడు.

ఇక రావలసింది బ.

"బాపట్లలోనే ఒక చెల్లెలు. ఇరవై ఆరేళ్ళు." అక్క పేరు చెప్పారు. "పదమూడేళ్ళుగా నిన్ను నేలకేసి కొడుతున్న మూర్ఛ ఈ సాయంత్రం నిన్ను వదిలిపోయిందమ్మా. లే!"

అక్క లేచింది. వేదిక వైపు కాదు, ముందు అత్తగారి వైపు చూసింది. ఆవిడ ముఖంలో ఏదో నల్లగా కదిలింది. ఒక్క క్షణం. ఆ క్షణం ఎటు వాలేదో నాకు తెలియదు. కానీ చుట్టూ వందల గొంతులు "స్తోత్రం" అన్నాయి. ఆవిడా రెండు చేతులెత్తి "స్తోత్రం" అంది. తరవాత కోడల్ని దగ్గరికి తీసుకుని తల నిమిరింది. దాచిన రోగం బయటపడటమూ, పోవడమూ ఒకే నిమిషంలో జరిగాయి.

నెల తిరిగాక మాత్రలు తీసుకుని వెళ్ళాను. వంటింట్లో అక్క పాత స్ట్రిప్పులు చూపించింది. చాలావరకు విప్పనే లేదు.

"ఇవేంటక్కా, అట్లాగే ఉన్నాయి?"

"ఇంకెందుకురా అవి."

"డాక్టరు ఉన్నట్టుండి మానకూడదన్నాడా లేదా?"

"నెల నుంచి మూర్ఛ రాలేదు కదా."

"అక్కా, ఆ లిస్టు నేను టైపు చేశాను. నీ చీటీ నా చేతుల్లోంచే వెళ్ళింది."

ఆమె చారులో గరిటె తిప్పుతూనే ఉంది. ముందు గదిలో వాళ్ళత్తగారు పక్కింటావిడకి సాక్ష్యం చెబుతున్న మాటలు వినపడుతున్నాయి. "మా కోడలికి పదమూడేళ్ళ రోగమండి, నాకే తెలియదు, దేవుడే బయటపెట్టి దేవుడే తీసేశాడు" అని.

"విన్నావుగా," అంది అక్క గొంతు తగ్గించి. "ఇప్పుడు నేను ఒక్క మాత్ర మింగితే ఆవిడ కళ్ళకి నేనేమవుతాను? రోగం దాచి పెళ్ళి చేసుకున్నదాన్ని. మింగకపోతే దేవుడు ముట్టిన కోడల్ని. ఏది కావాలిరా నీకు?"

నాకు ఆమె మాత్ర వేసుకోవడం కావాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. కానీ వాదనతో ఆమెను కదపలేనని తెలిసింది. ఋజువు కావాలి. ఋజువు ఎలా చెయ్యాలో నాకు తెలుసు.

తరవాతి సభలు రేపల్లెలో. సంచి వచ్చింది. ఎప్పటిలాగే అన్నీ ఎక్కించి, ఊళ్ళవారీగా సర్ది, ఒక ప్రతి నా కోసం తీసుకున్నాను. ఆ తరవాత మనవి వరస పైన ఒక ఖాళీ గడి చేర్చాను. రోగాలన్నీ ఒక గడి కిందికి జరిగాయి. అడుగున మిగిలిపోయినదాన్ని తెచ్చి పైన ఖాళీలో పెట్టాను. రెండు నిమిషాల పని. ఇప్పుడు పేరూ వయసూ ఊరూ ఒకరివి, రోగం పైవాళ్ళది. ఈ రెండో ప్రింటు పంపించి, మొదటిది మడిచి జేబులో పెట్టుకుని, మూడో రోజు సాయంత్రం మూడో వరసలో కూర్చున్నాను. సభ కుప్పకూలుతుందని ఎదురుచూశాను. ఒకరు లేచి, "నాకా జబ్బు లేదండి" అంటే చాలు.

బ్రదర్ గారు ఏడుగురిని పిలిచారు. ఏడుగురూ లేచారు. ఒక్కరూ కాదనలేదు.

మా గుడి పెద్దల్లో రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయన రాసింది మోకాళ్ళ నొప్పి. పిలిచింది తాగుడుకి. ఆయన కాఫీ కూడా తాగరు. ముఖం కందిపోయింది. కాసేపు నిలబడి, నెమ్మదిగా చెయ్యెత్తారు. బయటికొచ్చాక, "అదేంటి మాస్టారూ?" అన్నాను. "చిన్నప్పుడు ఒకసారి తాటికల్లు రుచి చూశాను నాయనా. ప్రభువు మర్చిపోలేదు" అన్నారు. కళ్ళలో నీళ్ళు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

నవ్వు రానిది ఇంకొకటుంది. చెరుకుపల్లి దగ్గర నాట్లకి వెళ్ళే ఒకామె, తన కొడుకు ఉద్యోగం కోసం చీటీ రాయించింది. నా లిస్టు ప్రకారం ఆమెకి గర్భసంచిలో గడ్డ. పందిరి బయట చెప్పులు వెతుక్కుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"బాబూ, నువ్వు ఈ సభల పిల్లాడివేగా. గడ్డ పూర్తిగా పోయినట్టేనంటావా?"

"అమ్మా, మీకు అసలు గడ్డే లేదండి."

"అవును బాబూ, ఇప్పుడు లేదు. అంతకు ముందు ఎన్నాళ్ళున్నదో! నాకే తెలియలేదు చూడు."

మూడుసార్లు మూడు రకాలుగా చెప్పాను. మూడుసార్లూ నాకే ధైర్యం చెప్పి వెళ్ళిపోయింది. అప్పటివరకు ఆమెకి లేని భయాన్ని ఆ సాయంత్రం నేను ఆమె ఒంట్లో పెట్టాను. బ్రదర్ గారు చదివారంతే, రాసింది నేను.

మర్నాడు పొద్దున బ్రదర్ గారు దిగిన ఇంటికి వెళ్ళి, రెండు కాగితాలూ ఆయన ముందు పరిచాను. ఆయన ఇడ్లీ తింటున్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని రెండూ పోల్చి చూశారు. కోపగించుకోలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"చీటీ అంటే మైకు లాంటిది తమ్ముడూ. మైకులోంచి వచ్చినా మాట మాటేగా? నలుగురిలో పేరు పెట్టి పిలిస్తేగాని మనవాళ్ళకి విశ్వాసం రాదు."

"దేవుడు చెప్పాడన్నారు. కాగితం చెప్పిందనలేదు."

"సరే. నువ్వు కాగితం మార్చావు. ఎవరైనా లేచి కాదన్నారా? మాస్టారు ఏడ్చారా లేదా? మరి ఏడిపించింది నీ కాగితమా, దేవుడా?"

నేను కాగితాలు రెండూ తీసి మడిచాను.

"అభిషేకం ఉన్న పనిలో చెయ్యి పెట్టావు. నీ ఇంటి మీదికే వస్తుంది, జాగ్రత్త," అని చట్నీ వేయించుకున్నారు.

నాకు తోచిన జవాబు ఆ ఇంటి గేటు దాటాక తోచింది. యేసు ప్రభువు దారిన పోతూ ఒక గుడ్డివాణ్ణి పిలిచి, నీకేం కావాలని అడిగాడు. అందరి ముందూ, నోరు తెరిచి అడిగాడు. తెలియనట్టు అడగడానికి ఆయన సిగ్గుపడలేదు. ముందే తెలుసని చూపించుకోవలసిన అవసరం ఆయనకి లేదు, ఈయనకి ఉంది. నేను అప్పుడూ ఇప్పుడూ నమ్మే సువార్తకీ, ఆ పందిట్లో జరిగినదానికీ అంత దూరం. కానీ ఈ మాట వినేవాళ్ళు ఎవరూ దొరకలేదు.

మా గుడి పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన కాగితాలు చూడకుండానే పక్కకి నెట్టారు. "నాకు తెలుసు బాబూ. నేను నోరు తెరిస్తే అసూయ అంటారు. ఆయన పందిరికి గుంజలు చాలవు, నా గుడిలో బల్లలు నిండవు."

తెనాలిలో మా ఓనరు టేబుల్ మీద ఆ కాగితాలు చూసి పడీ పడీ నవ్వాడు. "ఏరా, మీ దేవుడికి లిస్టు ముందే పంపించాలా? మా వెంకన్నకయితే మనసులో అనుకుంటే చాలు, ప్రింటు ఖర్చు ఉండదు." తరవాత నవ్వు ఆపి, "మనవాడొకడు పేపర్లో ఉన్నాడు. ఇచ్చెయ్యి. మొత్తం ఈ మతమే ఇంతని ఏకేస్తాడు" అన్నాడు. నేను కాగితాలు లాక్కున్నాను. "మరెందుకురా పట్టుకున్నావు?" అన్నాడు నిజంగానే అర్థంకాక. ఒకడు మోసం చేశాడని చెప్పాలి, దేవుడు మోసమని చెప్పకూడదు. ఆ రెంటి మధ్య నిలబడటానికి నాకు ఇరుకు సందైనా దొరకలేదు. లోపలివాళ్ళకి నేను ద్రోహిని, బయటివాళ్ళకి పనికొచ్చే సాక్షిని.

ఆదివారం ఆ రెండు కాగితాలూ తీసుకుని బాపట్ల వెళ్ళాను. అసలు ఇదంతా చేసింది అక్క చూడాలనే. పెరట్లో బట్టలారేస్తూ రెండూ చదివింది. చదవడం అయ్యాక తడిచేత్తోనే మడిచి నాకిచ్చింది.

"నాకు ఆ రోజే తెలుసురా."

"ఏం తెలుసు?"

"నేను రెండు ముక్కలు రాశాను. రెండోది దేవుడు చదివి ఉంటే అత్తయ్య పక్కన కూర్చోబెట్టి నా పేరు పిలవడు. ఎవరో సగమే చదివారనుకున్నాను. నువ్వని తెలియదు."

గడి చిన్నదని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

"తెలిసి కూడా ఎందుకు మానేశావు మాత్రలు?"

"తెలిసింది ఎవరికి చెప్పుకోను? వెళ్ళు. మళ్ళీ ఈ కాగితాలు ఇంటికి తేకు."

ఇరవై రోజుల తరవాత అక్క అన్నం వారుస్తూ పడిపోయింది. మరిగే గంజి ఎడమచేతి మీద, మెడ కింద పడింది. బావ షాపుకి ఫోను చేశాడు. నేను వెళ్ళేసరికి ఆసుపత్రిలో కట్లు కట్టి పడుకోబెట్టారు. పడ్డప్పుడు తల పొయ్యిగట్టుకి తగిలి ఉంటే మనిషి మిగిలేది కాదని డాక్టరు అందరి ముందూ కేకలేశాడు. మాత్రలు ఎవరు మానమన్నారని అడిగాడు. అత్తగారు గోడవైపు తిరిగి కూర్చున్నారు.

ఆవిడ భోజనానికి వెళ్ళినప్పుడు అక్క నన్ను దగ్గరికి రమ్మంది.

"అత్తయ్య బ్రదర్ గారికి ఫోను చేయించింది. నువ్వు చీటీలు మార్చి సాతానుకి తలుపు తీశావట, ఆ తలుపులోంచే రోగం మళ్ళీ వచ్చిందట. నీ వల్లేనంటున్నారు."

"నేను మార్చింది రేపల్లెలో కదా. నీ చీటీతో దానికేం సంబంధం? అత్తయ్యగారికి ఇప్పుడే చెబుతాను."

"చెప్పకు." కుడిచేత్తో నా చొక్కా పట్టుకుంది. "ఒరే, విను. నీ తప్పయితే నా తప్పు కాదు. రోగం దాచింది నేను కాదు, విశ్వాసం లేనిది నాకు కాదు. నీ వల్ల మళ్ళీ వచ్చింది కాబట్టి మళ్ళీ మందు వాడాలి. అత్తయ్య ఇప్పటికే అంది, 'సరే, దేవుడు మళ్ళీ చూసేదాకా మాత్రలు వేసుకో' అని. నువ్వు ఋజువులు మొదలుపెడితే ఆ మాట పోతుంది."

"అబద్ధం కదక్కా."

"అవును. నువ్వు అబద్ధం మీద గెలవాలా, నేను బతకాలా?"

దానికి ఏ గడీ గీయలేకపోయాను.

మర్నాడు అక్కని ఇంటికి తెచ్చారు. ముందు గదిలో మంచం వేసి, అయినవాళ్ళంతా చుట్టూ చేరారు. అత్తగారు నన్ను మధ్యలో నిలబెట్టారు. "అబ్బాయ్, దైవజనుడి పనిలో చెయ్యి పెట్టింది నిజమేనా?"

"నిజమేనండి."

"నా కోడలికి ఈ గతి నీ వల్ల పట్టిందా లేదా?"

బావ నేల చూపులు చూస్తున్నాడు. అక్క నన్నే చూస్తోంది.

"నా వల్లేనండి అత్తయ్యా. క్షమించండి," అన్నాను.

"నన్ను కాదు, దాన్ని అడుగు," అన్నారావిడ.

అక్క వైపు తిరిగి క్షమించమన్నాను. వెనక ఎవరో, "చదువుకున్న పొగరు" అన్నారు. ఇంకెవరో మెల్లగా ప్రార్థన మొదలుపెట్టారు. నన్ను ఇంకెప్పుడూ ఆ ఇంటి గడప తొక్కవద్దని అత్తగారు చెప్పారు. అప్పుడు ఆవిడే లేచి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి, మాత్ర విప్పి కోడలి కుడిచేతిలో పెట్టారు. పెళ్ళయి నాలుగేళ్ళలో మొదటిసారి, అందరూ చూస్తుండగా, అక్క మాత్ర మింగింది.